పదకొండో నిలువు వరుస

పొతోసిలో మా బడి గోడ మీద
ఆవర్తన పట్టికలో వెండి గడి ఖాళీ.
ముప్పై ఏళ్ల పిల్లల వేళ్లు తాకి తాకి
అక్షరాలు అరిగి, అట్ట తేలింది.
పైనున్న రాగి, కిందున్న బంగారం
అచ్చు వేసిన రోజులాగే ఉన్నాయి.
వాటితో మాకు చుట్టరికం లేదు మరి.
కిటికీ తెరిస్తే కొండ.
కొండ కడుపులో, ఎప్పుడు చూసినా, ఎవరో ఒకరి నాన్న.

సెనోబియా టీచరు ఆ గడి మీద బెత్తం ఆపి అనేది:
"ఈ ముగ్గురిదీ ఒకే ఇల్లు, మూడు అంతస్తులు.
లోపలి గదులు కిక్కిరిసి ఉంటాయి.
గడప మీద మాత్రం ఒక్క ఎలక్ట్రాన్,
ఇంట్లోదీ కాదు, వీధిదీ కాదు.
కరెంటు నడిచేది దాని కాళ్లతోనే."

నాణెపు లోహాలంటారు వీటిని, అంటూ
ఎర్రగా మెరిసే పది సెంటావోల బిళ్ల తీసి
అయస్కాంతం దగ్గర పెట్టింది.
టక్కున అతుక్కుంది.
రాగి అతుక్కోదే!
"లోపల ఉక్కు. పైన పటారం, లోన లొటారం.
రాగిని ఇప్పుడు పౌడరులా అద్దుకుంటున్నారు."

ఒక శుక్రవారం గోధుమరంగు సీసా తెచ్చింది.
నీళ్లలా ఉన్న మందులో రాగితీగ వేలాడదీసింది.
ఊపిరి బిగబట్టాం,
మా ఊరి ఎత్తులో అది చిన్న పని కాదు.
తీగకు నెమ్మదిగా వెండి నూగు మొలిచింది,
వేకువన ఎండుగడ్డి మీద మంచు పేరుకున్నట్టు.
నీళ్లు నీలం తిరిగాయి.
"రాగి కరిగిపోతూ వెండిని కంటోంది" అన్నాను.
"కనడం కాదురా ఫెలిసియానో, ఎలక్ట్రాన్లు అప్పిస్తోంది.
తిరిగిరాని అప్పు."
వద్దన్నా వేలు ముంచిన రుఫీనాకి
వారం దాకా గోరు నల్లగానే ఉంది.

తర్వాత సంచిలోంచి వాళ్ల నాన్న ఎక్స్‌రే తీసి
కిటికీ అద్దానికి ఆనించింది.
పక్కటెముకల వెనక కొండ నిలబడింది.
"ఈ నలుపంతా వెండే.
కిరణాలు గాలిని దాటి వచ్చిన చోట నల్లబడింది.
ఈ తెల్ల చుక్కలు దుమ్ము.
అక్కడ వెండి మిగల్లేదు."
ఎవరమూ నోట్సు రాసుకోలేదు.

"మరి బంగారం?" రుఫీనా.
బడిలో లేదు. టీచరు గేటు వైపు కేకేసింది.
కాపలా నికానోర్ తాత వచ్చి, టోపీ తీసి,
బుగ్గలోని కోకా ఉండను పక్కకు జరిపి
నోరు తెరిచాడు.
వరసలో వెళ్లి చూశాం. ఎడమవైపు, పైన.

"నలభై ఏళ్లు వెండి తవ్వి, పన్ను బంగారందా తాతా?"
"వెండికి కోపమెక్కువ తల్లీ,
గంధకం సోకితే చాలు, మొహం మాడ్చుకుంటుంది.
రాగికి కిలుము.
నా కోకాతో, నా బూతులతో
సర్దుకుపోయింది ఇదొక్కటే."

"అది ఉత్త బంగారం కాదు" అంది టీచరు.
"ఉత్తది మరీ మెత్తన.
వేయించిన మొక్కజొన్న కొరికితే సొట్టపోతుంది.
గట్టిపడాలంటే వెండి కలపాలి, రాగీ కలపాలి."
"అంటే వరుస వరుసంతా తాత నోట్లోనే ఉందా!"
తాత గబుక్కున నోరు మూసుకున్నాడు,
పెట్టెకు తాళం వేసినట్టు.

ఇప్పుడు నేను ఒరూరోలో
కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుడతాను.
నూట నలభై చుట్లు. మాట్లాడిస్తే లెక్క తప్పుతుంది,
మళ్లీ మొదటికి.

నిన్న వదిన ఫోన్‌కి పంపింది, మా అన్న ఎక్స్‌రే.
ఫిల్ముల రోజులు పోయాయి,
ఆ బొమ్మలో వెండి లేదు.
ఫోన్ లోపల ఉంది, టంకంలో, కాస్త.
సన్నని దారుల్లో రాగి, కొసలకు బంగారం పూత.
తెల్ల చుక్కలు మాత్రం అవే.
వేళ్లతో పెద్దవి చేసి చూశాను.